ఎనిమిదేళ్ళు తడవని మనిషి

పోయిన నెల ఒక మధ్యాహ్నం ఆయన భార్య ఫోన్ చేసింది. "మేడమమ్మా, మీ సిస్యుడు ఎల్లిపోనాడు" అంది. కాఫీ తోటలో పళ్ళు కోస్తూ కోస్తూ, కాస్త ఆయాసంగా ఉందని సిల్వర్ ఓక్ చెట్టుకి చేరగిలబడి కూర్చున్నాడట. మళ్ళీ లేవలేదట. యుద్ధంలోనో సరిహద్దులోనో మనసుకి దెబ్బ తగిలి, ఇంటికొచ్చాక కూడా ఆ దెబ్బ మానని మాజీ సైనికులకి ఫోన్లో పాఠాలు చెప్పడం నా ఉద్యోగం. ఇలాంటి కబురు చెప్పేవాళ్ళతో ఏం మాట్లాడాలో పదిమందికి నేర్పినదాన్ని. ఆవేళ మాత్రం ఆవిడే నన్ను ఊరుకోబెట్టింది.

"ఏడవకమ్మా. ఆయన ఫోన్లో నీతో ఆడిన మాటలన్నీ ఓ కాయితం మీద రాసి పంపు. నాకు సదువు రాదు. మా మనవరాలు సదివి ఇనిపిత్తాది. నవ్వొచ్చేవే రాయి. ఏడిపించేవి నాకాడ శానా ఉన్నాయి" అంది.

మా వృత్తికి గుట్టు ముఖ్యం. అందుకని పేరు రాయను, ఊరి పేరూ రాయను. పెదబయలు దాటాక జీపు దిగి, గెడ్డ అనే కొండవాగు దాటి, మరో కొండెక్కితే వచ్చే ముప్పై గడపల ఊరు. అక్కడ ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎలాగూ లేరు. పెద్దవాళ్ళకి మిలట్రీ, చిన్నవాళ్ళకి మిలట్రీ తాత.

మా తరగతి ప్రతి గురువారం సాయంత్రం నాలుగు గంటలకి. విశాఖపట్నంలో రెండో అంతస్తు గదిలో నేను, ఎక్కడెక్కడో పల్లెల్లో అయిదుగురు మాజీ సైనికులు. వాళ్ళని డాక్టర్లే మా దగ్గరికి పంపుతారు. ఊపిరి మీద మనసు నిలపడం, ఒళ్ళు బిగుసుకున్నప్పుడు గుర్తుపట్టడం, బుర్రలో ఏం జరుగుతోందో తెలుసుకోవడం, ఇవీ పాఠాలు. మొదటి రోజు అందర్నీ ఒకటే అడుగుతాను, ఈ తరగతుల వల్ల మీకేం కావాలి అని. ఒకాయన ప్రశాంతత అన్నాడు. ఒకాయన కోపం తగ్గాలన్నాడు. చివరికి కొండమీది గొంతు వినబడింది.

"మనసు శాంతి, గినసు శాంతి నాకక్కర్నేదు మేడమ్ సాబ్. నా ఇంట్లో నాను తొంగోవాల. ఓవర్."

ఇంట్లో పడుకోవడానికి తరగతులెందుకు, ఏమిటీ మనిషి అనుకున్నాను. తర్వాత విడిగా మాట్లాడితే తెలిసింది. సైన్యంలో ఇరవై నాలుగేళ్ళు చేసి నాయక్ హోదాతో దిగాడు. ఒక కొండ రోడ్డు మీద వరసగా వెళ్తున్న బళ్ళలో ముందు బండి పేలిపోయింది. ఈయన రెండో బండిలో ఉన్నాడు. ఆ సంగతి నాకు ఒకే ఒక్కసారి, హిందీలో, నాలుగు వాక్యాల్లో చెప్పాడు. అవి ఇక్కడ రాయను. ఇంటికొచ్చిన కొత్తలో, ఒక ఉదయం అంబలి చల్లారిపోతోందని భార్య ఆయన భుజం మీద చెయ్యివేసి లేపింది. ఆయనకి పూర్తిగా మెలకువ వచ్చేసరికి ఆవిడ మణికట్టు ఆయన గుప్పిట్లో విరిగిపోయి ఉంది. పాడేరు తీసుకెళ్ళి కట్టు కట్టించి, ఆ సాయంత్రమే దుప్పటి భుజాన వేసుకుని కాఫీ తోటలోని పాకలోకి మారిపోయాడు. తిండి ఇంట్లోనే, పని ఇంట్లోనే, పోట్లాట కూడా ఇంట్లోనే. దీపం పెట్టే వేళకి మాత్రం కొండెక్కేసేవాడు. అప్పటికి ఆరేళ్ళు.

"మరి పొద్దున్న మిమ్మల్ని ఎవరు లేపుతారు?" అని అడిగాను, జాలిగా.

"కంచెకాడ నిలబడి కుక్కని పిలుత్తాది. మొగుడి పేరెట్టి పిలవకూడదు కదా. ఆడూ లేత్తాడు, నానూ లేత్తాను. ఆడే ముందు లేత్తాడు."

ఆ కుక్క పేరు మేజర్. "సర్వీసంతా మేజర్ల మాట నాను ఇన్నాను, ఇప్పుడు మేజరు నా మాట ఇంటన్నాడు" అని ఆయన నవ్వితే కొండంతా నవ్వినట్టు ఫోను గరగరలాడేది.

నిజంగానే ఒక కొండ నవ్వేది. వాళ్ళ ఊళ్ళో సిగ్నల్ అందదు. ఊరి పైన ఒక పెద్ద బండ ఉంది, దానిమీదకెక్కితేనే ఫోను పలుకుతుంది. కాబట్టి అల్లుడికి ఫోన్ చేసేవాళ్ళూ, ఆశా కార్యకర్త కోసం కాచుకునేవాళ్ళూ, ఊరికే చూసిపోయేవాళ్ళూ అందరూ ఆ బండమీదే. గుట్టుగా మాట్లాడుకునే తరగతి అని నేను మొదటి రోజు గంభీరంగా చెప్పానా, అవతల పదిమంది ఆడవాళ్ళు గుంపుగా వింటున్నారని నాకు నెల తర్వాత తెలిసింది. "నెమ్మదిగా గాలి పీల్చండి" అని నేనంటే, వెనక నుంచి ఎవరో ముసలమ్మ వాళ్ళ భాషలో ఆ మాటనే గట్టిగా అరిచి చెప్పేది. తర్వాత పది ముక్కులు ఒక్కసారి పీల్చిన చప్పుడు. నాకు ఒళ్ళు మండింది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. పదిమందికి శాంతం నేర్పి, ఇంటికొచ్చి కుక్కర్ మూత మీద కేకలేసే రకాన్ని నేను.

"ఎవరండీ వాళ్ళంతా? ఇది మీ సొంత విషయాలు మాట్లాడుకునే చోటు!" అని గదమాయించాను.

"సొంతయిషయం వొచ్చినప్పుడు హిందీలో మాటాడతాను మేడమ్ సాబ్. ఆలకి రాదు. ఊపిరికి గుట్టేటి? పీల్చుకోనీండి పాపం. ఓవర్."

ఈ ఓవర్ గురించి చెప్పాలి. అయిదుగురు ఒకే లైనులో ఉంటే, మాట చేరడానికి రెండు క్షణాలు ఆలస్యమయితే, సంత కూడా నయమనిపిస్తుంది. అందరూ ఒకేసారి మొదలెడతారు, అందరూ ఒకేసారి ఆగుతారు, అందరూ "మీరు చెప్పండి, మీరు చెప్పండి" అంటారు. రెండో వారం ఆయన చార్జి తీసేసుకున్నాడు. వైర్‌లెస్ సెట్టులో లాగ ప్రతి మనిషీ మాట అయ్యాక ఓవర్ అనాలి, అప్పటిదాకా రెండోవాడు నోరు విప్పకూడదు. అయిదుగురూ సైన్యంలో చేసినవాళ్ళే, వెంటనే దారిలో పడ్డారు. నేనే తప్పులు చేసేదాన్ని. "మేడమ్ సాబ్ ఓవర్ అననేదు, ఎవులూ మాటాడకండి" అని ఆయన అందర్నీ ఆపితే, నేను ఉత్తినే కూర్చుని వాళ్ళెందుకు మాట్లాడటం లేదా అని ఎదురు చూసేదాన్ని. నెల తిరిగేసరికి మా ఇంట్లో "కూరలో ఉప్పు తక్కువైంది, ఓవర్" అన్నాను. మా ఆయన నా వంక అదోలా చూశారు.

ఇంకో పేచీ కళ్ళు మూసుకోవడం దగ్గర వచ్చింది. ఊరందరిదీ ఒకదారైతే ఉలిపికట్టెదొకదారి. మిగతా నలుగురూ బుద్ధిగా మూసుకున్నారు. ఈయన మూసుకోనంటే మూసుకోనన్నాడు.

"అందరం కళ్ళు మూసుకుంటే కాపలా ఎవులు కాత్తారు? మీరు కానీండి. నాను సూత్తుంటాను."

తీరా చూస్తే అదే ఆయనకి మంచిదయింది. కళ్ళు తెరిచి చేసే పాఠం ఒకటుంది. గుండె దడదడలాడుతున్నప్పుడు, ఎదురుగా ఉన్నవి ఒక్కొక్కటే చూసి పేరు చెప్పుకోవాలి. కనిపించేవి, వినిపించేవి, వాసన తగిలేవి. పాత చోటు నుంచి మనసుని ఇప్పుడున్న చోటుకి చెయ్యి పట్టుకుని తీసుకురావడం అన్నమాట. ఆయన దాన్ని సైన్యం పద్ధతిలో రిపోర్టు చేసేశాడు. "రిపోర్ట్! కనపడేవి: ఎదరగా కొండ ఒకటి, దానెనక కొండ ఒకటి, బండమీద మా వదిన, ఆవిడ నోట్లో సుట్ట. ఇనపడేవి: మా వదిన దగ్గు. వాసన: సుట్ట" అని గడగడా చదివేవాడు. వెనక నుంచి వదిన గారు ఏదో తిట్టేది. "ఇంకో ఇనపడేది" అని దాన్నీ కలిపేవాడు.

నా పరువు పోయిన సంగతి కూడా రాయాలి, ఆవిడ నవ్వొచ్చేవే రాయమంది కాబట్టి. వానాకాలంలో నేను అందరి ఫోన్లకీ ఒక రికార్డింగు పంపాను. మధ్యాహ్నం పడుకుని వినండి, హాయిగా నిద్ర పడుతుంది అని. నా మాటలకి వెనకాల నీళ్ళు పారే చప్పుడు పెట్టించాను. నగరంలో అది విన్నవాళ్ళంతా ఆహా ఓహో అన్నారు. తరువాతి గురువారం లైను కలవగానే బండమీద ఒకటే నవ్వులు. సంగతేమిటంటే, ఈయన పాకలో పడుకుని రికార్డింగు పెట్టుకుని నిజంగానే కునుకు తీశాడు. కునుకులో చెవిన నీళ్ళ చప్పుడు పడింది. గెడ్డ పొంగిందని లగెత్తుకుంటూ వెళ్ళి, వాళ్ళవీ వీళ్ళవీ అని చూడకుండా ఊళ్ళో పశువులన్నిటి కట్లూ విప్పేశాడు. ఆయన కేకలకి ఊరు ఊరంతా పిల్లాపాపా, కోళ్ళూ మేకలతో సహా కొండమీదకి ఎక్కేసింది. ఎక్కి చూస్తే గెడ్డ దాని దారిన అది పోతోంది. పాకలో ఆయన ఫోను మాత్రం పొంగుతోంది.

నాకు నవ్వు రాలేదు, కోపం వచ్చింది. "హెడ్‌ఫోన్లు పెట్టుకోమన్నానా లేదా?" అన్నాను.

"మీ ఇశాపట్నంలో నీళ్ళ సప్పుడింటే నిద్దరొత్తాది కామాల మేడమ్ సాబ్. మాకాడ నీళ్ళ సప్పుడింటే ముందు పశువుల్ని ఇప్పుతాం. ఓవర్."

ఆ మాట ముందే అడిగి తెలుసుకోవాల్సింది నేను. మూడు రోజుల తర్వాత ఆయనే ఒక రికార్డింగు పంపాడు. భార్య తిరగలి ముందు కూర్చుని చోళ్ళు విసురుతున్న చప్పుడు. గరగరా ఒకటే లయ, మధ్యమధ్య గాజుల సవ్వడి. "దీనికి నాకు నిద్దరొత్తాది, పరీచ్చ సేసినాను" అన్నాడు. మిగతా నలుగురికీ పంపాను. వాళ్ళకీ వచ్చింది. ఇప్పటికీ కొత్తగా చేరినవాళ్ళకి అదే పంపుతాను. ఎవరిదా తిరగలి అని అడుగుతారు.

బుర్రలో జరిగేది చెప్పే పాఠం కూడా ఆయన చేతిలో పడి బాగుపడింది. ప్రమాదం దాటిపోయాక కూడా మనసులో ఒక భాగం ప్రమాదం ఉందనే అనుకుంటూ ఉంటుంది, అది పిరికితనమూ కాదు, పిచ్చీ కాదు అని నేను అరగంట వివరించాను. బొమ్మలు పంపాను. అంతా విన్నాక ఈయన అందుకున్నాడు.

"అంటే మేడమ్ సాబ్, ఆ దినం నా బుర్రలో ఒక సెంట్రీని నిలబెట్టినారు. మళ్ళీ ఆడికి డ్యూటీ మార్చే మడిసి రానేదు. పాపం ఆడు తిండీ నిద్రా లేకుండా అక్కడే నిలబడి ఉన్నాడు. ఎవులొచ్చినా తుపాకీ ఎత్తుతున్నాడు. ఆడి తప్పేటుంది?"

లైనులో మిగతా నలుగురూ ఓవర్ కోసం కూడా ఆగకుండా ఒకేసారి "అదే, అదే" అన్నారు. నాకు కళ్ళు చెమర్చాయి. పాతికేళ్ళుగా చదివిన చదువు ఆ నాలుగు ముక్కల్లో ఉంది. ఆ తర్వాత నేను ఎక్కడ ఆ పాఠం చెప్పినా సెంట్రీ కథే చెబుతున్నాను.

అలా రెండేళ్ళు గడిచాయి. కోపం తగ్గింది, పీడకలలు తగ్గాయి. పాకలో ఒంటరిగా హాయిగానే నిద్రపోతున్నాడు. కానీ పాకలోనే. ఇంట్లో ఒక్క పూటన్నా పడుకుని చూడండి అంటే మాట తప్పించేసేవాడు. ఆవిడ చెయ్యి ఇప్పటికీ చలికాలంలో లాగుతుందని ఒకసారి హిందీలో అన్నాడు. నేను రెట్టించలేదు.

ఒక ఫాల్గుణ మాసపు గురువారం ఆయన గొంతు సవరించుకున్నాడు. "మేడమ్ సాబ్, ఒక కంప్లయింటు. ఎనిమిదేళ్ళనుండి నామీద ఒక్క సుక్క పేడనీళ్ళు పడనేదు. ఓవర్."

నేను పకపకా నవ్వాను. ఆయన నవ్వలేదు. అప్పుడు చెప్పాడు. చైత్రంలో వాళ్ళకి ఇటుకల పండగ. మగాళ్ళంతా వేటకని కొండెక్కుతారు. ఆడవాళ్ళు ఊరి దారికి అడ్డంగా దుంగ వేసి కూర్చుంటారు. వేట తెచ్చినవాడికి మర్యాద, ఖాళీ చేతుల్తో వచ్చినవాడికి నెత్తిమీద పేడనీళ్ళు. ఇప్పుడు వేటాడితే కేసు కాబట్టి ఎవరూ ఏదీ కొట్టరు. కొండమీద నాలుగు కబుర్లు చెప్పుకుని, పనసకాయ కోసుకు తిని దిగొస్తారు. అంచేత ఊళ్ళో మగాళ్ళందరికీ స్నానమే. సర్పంచి దగ్గర్నించి స్కూలు పంతులు దాకా ఎవరికీ మినహాయింపు లేదు. ఈయనకి తప్ప.

"నాను దిగొత్తంటే ఆడోళ్ళు సెంబులు దించేత్తారు. పక్కకి తప్పుకుంటారు, ఎమ్మార్వోకి దారిచ్చినట్టు. భయం. నాకు జొరమొచ్చినా భరిత్తాను గానీ ఇది భరించలేను. ఆ ఊల్లో నాను సుట్టాన్ని కాదు కదా మేడమ్ సాబ్. ఈసారి నా మీద పడాల. అది తట్టుకుంటే ఇంట్లో తొంగోగల్ను. తట్టుకోనేకపోతే జన్మంతా పాకలోనే ఉంటాను. అంతే."

ఇదెక్కడి పరీక్ష? నేను ఒప్పుకోలేదు. ఒక్క ఘడియలో తేలే విషయం కాదన్నాను. పొరపాటు జరిగితే రెండేళ్ళ శ్రమ గంగలో కలుస్తుందన్నాను. మర్నాడు ఆ బండమీద నుంచే ఆయన భార్య ఫోన్ చేసింది. అంతవరకూ ఆవిడ నాతో రెండు మాటలు మాట్లాడి ఎరగదు.

"నువ్వు కాయితంలో ఏటి రాసి పంపినావు? ఎనకనుండి రావొద్దు. సెప్పకుండా ముట్టుకోవొద్దు. గట్టిగా మాటాడొద్దు. మనవరాలు సదివితే ఇన్నాను. రెండేళ్ళు అలగే సేసినాను. మావోలు నాకు మొగుణ్ణి కట్టబెట్టినారు గానీ లాంతరు బుడ్డిని కాదు."

"మళ్ళీ చెయ్యి విరిగితే?" అన్నాను.

"రెండో సెయ్యుంది" అంది.

చివరికి ముగ్గురం ఒక ఒప్పందానికి వచ్చాం. నెల రోజులు మామూలు నీళ్ళతో అభ్యాసం. ముందు ఆయనకి చెప్పి, ఎదర నుంచి ఒక చెంబు. తర్వాత పక్క నుంచి. తర్వాత ఎప్పుడో చెప్పకుండా, కానీ ఎదర నుంచే. వెనక నుంచి మాత్రం పనికిరాదని నేను గట్టిగా చెప్పాను. ఇద్దరూ సరేనన్నారు. ఆయన రోజూ పుస్తకంలో రాసి గురువారం చదివేవాడు. "సోమవారం. సెంబుడు నీళ్ళు. ఎదరనుండి. దడ లేదు. సబ్బు ఇయ్యమంటే ఇవ్వనేదు. బుధవారం. ఎడమపక్క. దడ కొంచెం. మేజర్ కూడా తడిసినాడు, ఆడికి కోపం వొచ్చింది. శనివారం. ఆవిడ సెంబు తేనేదు, నానే అడిగినాను."

పండక్కి నన్ను రమ్మన్నారు. పాడేరు దాకా బస్సు, అక్కణ్ణించి జీపు. రెండేళ్ళు గొంతు విని నేను ఆరడుగుల మనిషిని ఊహించుకున్నాను. జీపు దిగితే సన్నగా, పొట్టిగా, నూనె రాసి పాపిడి తీసిన ముసలాయన బూట్లు టకటకలాడించి సెల్యూట్ కొట్టాడు. వెంటనే మొహం చిట్లించాడు.

"మీ గొంతు పొడుగ్గా ఉంటాది మేడమ్ సాబ్. మీరు పొట్టి."

"మీరు మాత్రం తాటిచెట్టు మరి" అన్నాను. గెడ్డ దాటేదాకా నవ్వుతూనే ఉన్నాడు.

పండగనాడు మగాళ్ళు తెల్లారగట్లే కొండెక్కారు. నేను దుంగ దగ్గర ఆడవాళ్ళతో కూర్చున్నాను. పెద్ద పెద్ద డేగిసాల్లో పేడ కలుపుతున్నారు. ఎవరో నా చేతికీ ఒక చెంబు ఇచ్చారు. ఆయన భార్య నాకు కాస్త దూరంలో ఒక ప్లాస్టిక్ బకెట్టు పెట్టుకుని నిలబడింది. పొడుగాటి మనిషి, ఎడమ మణికట్టు కాస్త వంకర. ఎండెక్కాక, డప్పులు వాయించుకుంటూ వరసగా దిగారు మగాళ్ళు. మొదటివాడి మీద నీళ్ళు పడగానే ఊరంతా గోల. తిట్లు, ఈలలు, పాటలు. పంతులు గారు కళ్ళజోడు జేబులో పెట్టుకుని మరీ తల వంచాడు. ఆయన వరస మధ్యలో ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, బూట్లు, ఎదర చూపు.

ఆయన దుంగ దగ్గరికి వచ్చేసరికి డప్పులు ఆగాయి. చెంబులన్నీ కిందికి దిగాయి. ముందే అందరికీ చెప్పి ఉంచారు, వేస్తామన్నారు కూడా. తీరా చెయ్యి ఎత్తే వేళకి ఒక్కరికీ ధైర్యం చాలలేదు. నేనూ దించేశాను, దాచడం ఎందుకు? ఆయన చూశాడు, ఇటు చివర నుంచి అటు చివరకి.

"ఏటే? నాను మీ ఊరోణ్ణి కానేటి?" అన్నాడు.

వదిన గారు చుట్ట తీసి కొంగుతో కళ్ళొత్తుకుంది. ఆయన మొహంలో రంగు పోయింది. మెల్లగా దుంగ దాటి, పాక వైపు పోయే కాలిదారికి తిరిగాడు. రెండడుగులు వేశాడో లేదో, వెనక నుంచి బకెట్టు బకెట్టంతా నెత్తిమీద కుమ్మరించింది ఆయన భార్య.

కన్నుమూసి తెరిచేలోపు ఆయన గిర్రున తిరిగాడు. ఆవిడ మణికట్టు ఆయన గుప్పిట్లో ఉంది, అదే మణికట్టు. బకెట్టు దొర్లుకుంటూ పోయింది. ఆయన కళ్ళు మమ్మల్ని చూడటం లేదు. ఇన్నేళ్ళుగా ఊపిరి పీల్చడం నేర్పే నేను ఊపిరి పీల్చడం మర్చిపోయి నిలబడ్డాను. ఆవిడ చెయ్యి లాక్కోలేదు, అరవలేదు. ఆయన కళ్ళలోకే చూస్తూ, ఊళ్ళో రోజూ మాట్లాడే గొంతుతో అడిగింది.

"రిపోర్టు సెప్పు."

పెదాలు కదలడానికి చాలాసేపు పట్టింది.

"కనపడేవి... పేడ. దుంగ. బకెట్టు." ఆగాడు. గడ్డం మీద నుంచి కారుతోంది. "ఇనపడేవి. మేజర్ అరుత్తన్నాడు. వాసన... పేడ."

"ఎదరగా ఎవులు?"

"నా పెళ్ళాం."

అప్పుడు తన చెయ్యి వంక చూసుకున్నాడు. ఒక్కొక్క వేలే విప్పాడు. ఆవిడ మణికట్టుని అటూ ఇటూ తిప్పి, నొక్కి చూసి, ఏమీ కాలేదని తెలిశాక నవ్వాడు. చిన్నగా మొదలై, వంగిపోయి, మోకాళ్ళు పట్టుకుని నవ్వాడు. "బకెట్టెవులు ఎయ్యమన్నారే? సెంబు కదా ఆర్డరు!" అన్నాడు. అంతే, గేట్లెత్తేసినట్టు చెంబులన్నీ లేచాయి. ఎనిమిదేళ్ళ బాకీ ఒక్క పూటలో తీర్చేశారు. నాకు పిచ్చి ఆనందం వచ్చి నా చెంబు కూడా విసిరాను. గురి తప్పి పంతులు గారి మీద పడింది. నా నేత చీర ఇంకెందుకూ పనికిరాలేదు.

ఆయన గెడ్డలో మునిగి, తల తుడుచుకుంటూ వచ్చాడు. పాక దారి పట్టలేదు. ఎవరితోనూ ఏమీ అనకుండా తల వంచుకుని ఇంట్లోకి దూరాడు. గోడవారగా వేసిన నులక మంచం మీద వాలి, అటు తిరిగి పడుకున్నాడు. కాసేపటికి గుర్రు వినిపించింది. ఆయన భార్య పొయ్యి ముందు కూర్చుని కోడికూర వండుతోంది. నేను గడప దగ్గర కూర్చున్నాను. ఊళ్ళో ధింసా ఆట మొదలైంది, డప్పులు గట్టిగా మోగుతున్నాయి. గుర్రు ఆగలేదు.

కూర దింపి ఆవిడ లేచింది. చేతులు కొంగుకి తుడుచుకుని మంచం దగ్గరికి నడిచింది. దూరంగా నిలబడమని చెబుదామని నోరు తెరిచేలోపే ఆవిడ వంగి, ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

"లే" అంది.

ఆయన కదిలాడు. ఇటు తిరిగాడు. కళ్ళు తెరవకుండానే అడిగాడు.

"ఏటి కూర?"

"కోడి" అంది ఆవిడ. "బేగి లే. సల్లారిపోతంది."

ఆ తర్వాత ఆవిడ మొహం గోడ వైపు తిప్పుకుంది. చెయ్యి మాత్రం ఆయన భుజం మీద నుంచి తియ్యలేదు.